2018-19 ఛాంపియన్స్ లీగ్ నాకౌట్స్ ఇప్పుడు మొదటిసారి చూడాలంటే ఎలా చూడాలి

మా బాబాయి కొడుకు 2022 వరల్డ్ కప్ ఫైనల్ చూసి ఫుట్‌బాల్‌లో పడ్డాడు. అప్పట్నుంచి పాత మ్యాచ్‌లు ఏం చూడమంటావన్నా అని అడుగుతూనే ఉంటాడు, మొన్న వాడంతట వాడే లివర్‌పూల్ సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ 4-0 బార్సిలోనా హైలైట్స్ నాలుగు నిమిషాలు చూసేసి "ఆ రోజు బార్సిలోనా బాగా ఆడలేదంతే కదా" అన్నాడు. ఆ మాట నాకు రెండ్రోజులు మనసులో గుచ్చుకుంటూనే ఉంది, ఎందుకంటే ఆ రాత్రి నేను లైవ్ చూశాను, అది "అంతే కదా" అనేసే మ్యాచ్ కాదు. వాడి తప్పేం లేదు, చూసిన పద్ధతి అలాంటిది. అందుకే వాడికి చెప్పిందే ఇక్కడ కూడా రాస్తున్నా, యూరప్ క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో ఈ సీజన్ ఎప్పుడూ చూడనివాళ్ళు, చూసినా ముక్కలు ముక్కలుగా చూసినవాళ్ళు ఎలా మొదలుపెట్టాలి, ఏది పూర్తిగా చూడాలి, ఏది వదిలేసినా పర్లేదు అని.

రిజల్ట్స్ అన్నీ ఇందులో చెప్పేస్తాను. తెలిసినా ఏం కాదు, చూడాల్సింది ఎవరు గెలిచారని కాదు, ఏ నిమిషంలో ఎవరి మెడ మీద కత్తి ఉంది అని.

మొదట లెక్క నేర్చుకోండి

ఇది రాకుండా ఆ సీజన్ చూస్తే సగం పోయినట్టే. రౌండ్ ఆఫ్ 16 నుంచి సెమీస్ దాకా ప్రతి జోడీ రెండు మ్యాచ్‌లు ఆడుతుంది, ఒకటి వీళ్ళ గ్రౌండ్‌లో ఒకటి వాళ్ళ గ్రౌండ్‌లో, రెండిట్లో గోల్స్ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్ళు ముందుకెళ్తారు, దాన్నే అగ్రిగేట్ అంటాం. అంటే 90 నిమిషాల మ్యాచ్‌లు రెండు అనుకోకండి, 180 నిమిషాల మ్యాచ్ ఒకటే అనుకోండి. మనకి టెస్ట్ క్రికెట్ తెలుసు కాబట్టి ఇది ఈజీగానే ఎక్కుతుంది. ఫస్ట్ లెగ్, అంటే మొదటి మ్యాచ్, చూడకుండా సెకండ్ లెగ్‌కి కూర్చోవటమంటే టార్గెట్ ఎంతో తెలీకుండా నాలుగో ఇన్నింగ్స్ చూడటమే.

రెండోది అవే గోల్ రూల్. అగ్రిగేట్ సమానమైతే ఎదుటివాడి గ్రౌండ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళు గెలిచినట్టు. 1965 నుంచి యూరప్‌లో ఉన్న రూల్ ఇది, 2021-22 సీజన్ నుంచి తీసేశారు. ఇప్పుడు కొత్తగా చూసేవాళ్ళకి ఇది అసలు తెలీదు, అందుకే పాత మ్యాచ్‌ల్లో అగ్రిగేట్ 3-3 అయ్యాక ఎక్స్‌ట్రా టైమ్ (ఇంకో అరగంట ఆట) ఎందుకు లేదు అని తికమక పడతారు. అదే 2019 జూలైలో క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్‌లో బౌండరీ కౌంట్‌తో న్యూజిలాండ్ ఓడిపోయినప్పుడు మనందరికీ ఎలా కడుపు మండిందో గుర్తుందా, అలాంటి లెక్కే ఇది కూడా, కాకపోతే ఇక్కడ ఈ రూల్ ముందునుంచే ప్రతివాడి బుర్రలో ఉంటుంది, కోచ్‌లు దాన్ని బట్టే టీమ్ దింపుతారు, సొంత గ్రౌండ్‌లో ఒక్క గోల్ తిన్నా రెండు గోల్స్ తిన్నంత భయం. నాకైతే ఆ రూల్ తీసేయటం ఇప్పటికీ ఇష్టం లేదు. ఈ సీజన్ చూశాక ఎందుకో మీకే తెలుస్తుంది.

మూడోది వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతి. ఛాంపియన్స్ లీగ్‌లోకి అది వచ్చిందే ఈ సీజన్ రౌండ్ ఆఫ్ 16 నుంచి. ప్లేయర్లకి, రిఫరీలకి, స్టేడియంలో జనానికి ఎవరికీ ఇంకా అలవాటు కాలేదు, గోల్ పడ్డాక సంబరాలు చేసుకోవాలో ఆగాలో తెలీని ఆ మొహాలు గమనించండి.

నోట్‌బుక్ పెట్టుకోండి, ఇదే అసలు కిటుకు

మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. పేజీకి ఒక జోడీ. నాలుగు గళ్ళు గీయండి: నిమిషం, ఆ రాత్రి స్కోరు, అగ్రిగేట్, నాలుగో గడిలో "ఇప్పుడే విజిల్ ఊదేస్తే ఎవరు వెళ్తారు, రెండోవాళ్ళకి ఇంకా ఎన్ని కావాలి". గోల్ పడిన ప్రతిసారి వీడియో పాజ్ చేసి రాయండి. మొదట్లో విసుగ్గా ఉంటుంది, మా తమ్ముడు కూడా హోంవర్క్ ఇచ్చావేంటన్నా అన్నాడు, రెండో మ్యాచ్‌కి వాడే పెన్ను వెతుక్కున్నాడు. ఆ నాలుగో గడే మొత్తం కథ, స్కోర్‌బోర్డ్ మీద కనపడేది అది కాదు.

ఇక వీడియోలు. ఈ టోర్నమెంట్ నడిపే యూఈఎఫ్‌ఏ వాళ్ళ అఫీషియల్ ఛానల్, క్లబ్బుల అఫీషియల్ ఛానల్స్ నుంచే మొదలుపెట్టండి, దొంగ సైట్ల జోలికి వెళ్ళొద్దు. ఫుల్ మ్యాచ్ దొరికితే అదే చూడండి, లేకపోతే ఉన్నవాటిలో అన్నిటికన్నా పొడుగు హైలైట్స్. రెండు నిమిషాల వీడియోల్లో గోల్స్ ఉంటాయి కానీ గోల్‌కీ గోల్‌కీ మధ్య ఉన్న ఇరవై నిమిషాలు ఉండవు, ప్రాణం పోయేది అక్కడే. ఇంకొకటి, అజాక్స్ అని మనం చదివేస్తాం గానీ కామెంట్రీలో అయాక్స్ అని వినపడుతుంది, ఆ డచ్ క్లబ్బే, కంగారు పడకండి.

ఫిబ్రవరి, మార్చి: అయాక్స్‌తో మొదలుపెట్టండి

రౌండ్ ఆఫ్ 16లో ఎనిమిది జోడీలు, అన్నీ అక్కర్లేదు. షాల్కే మీద మాంచెస్టర్ సిటీ కలిపి 10-2, లియోన్ మీద బార్సిలోనా 5-1, డార్ట్‌మండ్ మీద టాటెన్‌హామ్ 4-0, ఇవి స్కోర్లు తెలుసుకుంటే చాలు.

మొదలుపెట్టాల్సింది అయాక్స్, రియల్ మాడ్రిడ్. రియల్ అప్పటికి వరసగా మూడేళ్ళు కప్పు కొట్టిన టీమ్. అయాక్స్ ఆ సీజన్ క్వాలిఫైయింగ్ రౌండ్ల నుంచి ఆడుకుంటూ వచ్చింది, కెప్టెన్ డి లిఖ్ట్‌కి 19 ఏళ్ళు. ఫస్ట్ లెగ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో 2-1 రియల్ గెలిచింది, కానీ అందులో అయాక్స్ ప్లేయర్ తాల్యాఫికో గోల్‌ని వీఏఆర్ కొట్టేసింది, అది తప్పకుండా చూడండి, అక్కడ రిఫరీ స్లొవేనియాకి చెందిన దామిర్ స్కోమినా, ఈ పేరు గుర్తు పెట్టుకోండి మళ్ళీ వస్తుంది. ఆ మ్యాచ్ చివర్లో రియల్ కెప్టెన్ రామోస్ కావాలనే ఎల్లో కార్డ్ తీసుకున్నాడు, దాంతో సెకండ్ లెగ్‌కి సస్పెండ్, అంటే రియల్ ఈ జోడీ అయిపోయిందనే అనుకుంది.

మార్చి 5న మాడ్రిడ్‌లో సెకండ్ లెగ్ పూర్తిగా చూడండి. 7వ నిమిషం జియెక్, 18వ నిమిషం నెరెస్, ఆ రెండో గోల్‌కి ముందు తాడిచ్ బంతితో పాటు గిర్రున తిరిగి కాసెమీరోని దాటేస్తాడు, నేను ఆ ఒక్క ముక్క ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు. 62లో తాడిచ్ తనే టాప్ కార్నర్‌లో కొట్టాడు, దానికి ముందు బంతి సైడ్ లైన్ దాటిందా లేదా అని వీఏఆర్ చాలాసేపు చూసింది, ఆ ఆగినంతసేపు స్టేడియం చూడండి. 70లో రియల్‌కి అసెన్సియో ఒకటి వేశాడు, 72లో ష్యోనే ఫ్రీ కిక్. 4-1, అగ్రిగేట్ 5-3. రామోస్ పైన స్టాండ్‌లో కూర్చుని చూస్తున్నాడు. వారం తిరిగేలోపు కోచ్ సొలారీ పోయి జిదాన్ మళ్ళీ వచ్చాడు.

మర్నాడే, మార్చి 6, పారిస్. మాంచెస్టర్ యునైటెడ్ సొంత గ్రౌండ్‌లో 0-2 ఓడిపోయి వచ్చింది, పోగ్బా సస్పెండ్, గాయాలతో కలిపి పది మంది లేరు. అంతకుముందు ఎవరూ ఈ టోర్నమెంట్‌లో హోమ్ లెగ్ 2-0 ఓడిపోయి తిరిగి గెలవలేదు. లుకాకు రెండు కొట్టాడు, మధ్యలో బెర్నాట్ పారిస్ క్లబ్ పీఎస్‌జీకి ఒకటి. 30వ నిమిషానికి 2-1. ఇప్పుడు నోట్‌బుక్ నాలుగో గడి చూడండి, అగ్రిగేట్ 3-2 పీఎస్‌జీ, యునైటెడ్‌కి ఒక్కటి చాలు. ఆ ఒక్కటి గంటసేపు రాలేదు. 90 దాటాక దలో కొట్టిన షాట్ కింపెంబే చేతికి తగిలింది, మొదట కార్నర్ ఇచ్చారు, తర్వాత వీఏఆర్, స్క్రీన్ దగ్గరికి వెళ్ళింది ఎవరు, స్కోమినానే. రాష్‌ఫోర్డ్ పెనాల్టీ, ఎదురుగా గోల్‌కీపర్ బుఫాన్. గోల్. అగ్రిగేట్ 3-3, అవే గోల్స్‌తో యునైటెడ్. ఇందులో టైమ్ లేకపోతే మొదటి అరగంట, చివరి ఇరవై నిమిషాలు చాలు.

యువెంటస్ మీద అట్లెటికో 2-0 గెలిచాక తురిన్‌లో రొనాల్డో హ్యాట్రిక్ కొట్టిన మ్యాచ్ కూడా మంచిదే, రొనాల్డో అభిమానులు ఎలాగూ చూసే ఉంటారు. బయర్న్ మీద మ్యూనిక్‌లో లివర్‌పూల్ 3-1 గెలిచినదాంట్లో మానే మొదటి గోల్ ఒక్కటి చూడండి, గోల్‌కీపర్ నోయర్ ముందుకొచ్చేస్తే తిరిగి వాడి తలమీదుగా లేపేశాడు.

ఏప్రిల్ 17, మాంచెస్టర్, ఇది మాత్రం వదలొద్దు

మార్చి దాకా మనకి ఈ మ్యాచ్‌లు తెల్లవారుజామున ఒంటిగంటన్నరకి మొదలయ్యేవి, నెలాఖరున యూరప్‌లో గడియారాలు ముందుకి జరిపాక పన్నెండున్నరకి. అప్పుడు నేను పీజీలో ఉండేవాణ్ణి, ఫోన్‌లో సౌండ్ సున్నా పెట్టుకుని దుప్పటి కప్పుకుని చూసేవాణ్ణి, గోల్ పడితే దిండు కొరుక్కోవటమే.

క్వార్టర్ ఫైనల్, టాటెన్‌హామ్, మాంచెస్టర్ సిటీ. ఫస్ట్ లెగ్ టాటెన్‌హామ్ కొత్త స్టేడియంలో 1-0, టాటెన్‌హామ్‌కి సోన్ గోల్. సిటీ అగ్వెరో పెనాల్టీని గోల్‌కీపర్ లోరిస్ ఆపాడు, టాటెన్‌హామ్ హ్యారీ కేన్ చీలమండ గాయంతో వెళ్ళిపోయాడు. ఈ మూడూ సెకండ్ లెగ్‌కి కావాలి, హైలైట్స్ చూసి వచ్చేయండి.

సెకండ్ లెగ్ మొదలవ్వకముందే పెన్ను చేతిలో ఉండాలి, ఎందుకంటే 4వ నిమిషంలో సిటీ స్టెర్లింగ్, 7లో సోన్, 10లో మళ్ళీ సోన్, 11లో బెర్నార్డో సిల్వా, 21లో స్టెర్లింగ్. ఇరవై ఒక్క నిమిషాల్లో ఐదు గోల్స్. పాజ్ చెయ్యకపోతే రాయలేరు. 3-2 దగ్గర అగ్రిగేట్ 3-3, కానీ టాటెన్‌హామ్‌వి రెండు అవే గోల్స్, సిటీకి ఏమీ లేవు, అంటే గ్రౌండ్‌లో ముందున్నవాళ్ళు ఇంటికి పోతారు, వెనకున్నవాళ్ళు సెమీస్‌కి. ఈ తిరకాసు ఒక్కసారి మనసుకి ఎక్కితే ఇంక ఆ మ్యాచ్‌లో ప్రతి పాస్‌కి అర్థం వేరేలా ఉంటుంది. 59లో అగ్వెరో, 4-2, సిటీ పైకి. 73లో కార్నర్ నుంచి ల్యోరెంతే నడుముకి తగిలి లోపలికి, చేతికి తగిలిందేమోనని రిఫరీ చాకిర్ స్క్రీన్ చూసి గోల్ ఇచ్చాడు, 4-3, అగ్రిగేట్ 4-4, మళ్ళీ టాటెన్‌హామ్.

తర్వాత 93వ నిమిషం. ఎరిక్‌సెన్ పాస్ తప్పి వెనక్కి పోయింది, అగ్వెరో అందుకుని ఇచ్చాడు, స్టెర్లింగ్ గోల్. సిటీ కోచ్ గ్వార్డియోలా టచ్‌లైన్ మీద గెంతులు. స్టేడియం మొత్తం ఊగిపోతోంది. అంతలో వీఏఆర్, అగ్వెరో ఆఫ్‌సైడ్, గోల్ చెల్లదు, టాటెన్‌హామ్ సెమీస్‌కి. ఇక్కడ కెమెరా గ్వార్డియోలా మీద ఉన్నంతసేపు చూడండి, టాటెన్‌హామ్ కోచ్ పోచెట్టినో మీద ఉన్నంతసేపు కూడా. నేను ఆ నిమిషంలో దుప్పటి తన్నేసి లేచి నిలబడ్డాను, రూమ్మేట్ ఏమైందిరా భూకంపమా అని లేచాడు.

అదే వారం అయాక్స్ తురిన్‌లో యువెంటస్‌ని 2-1 కొట్టింది, డి లిఖ్ట్ హెడర్. రెండు లెగ్స్‌లోనూ రొనాల్డో గోల్ వేసినా యువెంటస్ వెళ్ళిపోయింది. సెకండ్ హాఫ్ చూడండి చాలు.

సెమీస్: ముందు ఓడిపోయిన మ్యాచ్ చూడాలి

మా తమ్ముడు చేసిన పొరపాటు ఇక్కడే. ఆన్‌ఫీల్డ్ చూడాలంటే ముందు మే 1న బార్సిలోనా గ్రౌండ్ క్యాంప్ నౌలో జరిగిన ఫస్ట్ లెగ్ పూర్తిగా చూడాలి. స్కోరు 3-0 బార్సిలోనా, సుఆరెజ్ ఒకటి, మెస్సీ రెండు, ఆ రెండోది దూరం నుంచి ఫ్రీ కిక్, బార్సిలోనాకి మెస్సీ 600వ గోల్. స్కోరు చూస్తే ఏకపక్షం అనిపిస్తుంది, మ్యాచ్ చూస్తే కాదు. లివర్‌పూల్ చాలాసేపు బాగా ఆడింది, మిల్నర్‌కి, సలాకి ఛాన్సులొచ్చాయి, సలా షాట్ పోస్ట్‌కి తగిలింది. ఇంకా ముఖ్యంగా ఆఖరి క్షణాల్లో డెంబెలేకి నాలుగో గోల్ వేసే ఛాన్స్ ఒట్టి చేతుల్లో పెట్టినట్టు వచ్చింది, మెల్లగా లివర్‌పూల్ గోల్‌కీపర్ అలిసన్ చేతుల్లోకి కొట్టాడు. మెస్సీ నేలమీద పడిపోయాడు నిరాశతో. నోట్‌బుక్‌లో గోల్ కాకపోయినా అది రాసుకోండి. నాలుగైతే ఆన్‌ఫీల్డ్‌లో 4-0 కూడా సరిపోయేది కాదు.

ఇంకోటి కూడా తెలిసి కూర్చోండి, ఏడాది ముందే బార్సిలోనా రోమా మీద 4-1 గెలిచి, తర్వాత అక్కడ 3-0 ఓడిపోయి అవే గోల్‌తో పోయింది. ఆ భయం వాళ్ళ కాళ్ళల్లో ఉంది.

మే 7 ఆన్‌ఫీల్డ్. మనకి అప్పటికి ఎనిమిదో తారీకు వచ్చేసింది, రెండు రాష్ట్రాల్లో ఓట్లేసి రిజల్ట్స్ కోసం చూస్తున్న ఎండాకాలం. సలా లేడు, ఫిర్మినో లేడు. సలా నెవర్ గివ్ అప్ అని రాసున్న టీషర్ట్ వేసుకుని స్టాండ్‌లో కూర్చున్నాడు. 7వ నిమిషం బార్సిలోనా ఆల్బా తప్పుడు హెడర్, హెండర్సన్ షాట్ ఆగితే ఓరిగి తోసేశాడు, 1-0. ఇక్కణ్ణుంచి హాఫ్ టైమ్ దాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చెయ్యొద్దు. హైలైట్స్‌లో ఈ అరగంట పైన ఉండదు, ఇందులోనే మెస్సీకి, కుటిన్యోకి, ఆల్బాకి ఛాన్సులొచ్చాయి, అలిసన్ ఆపాడు. బార్సిలోనా ఒక్కటి వేస్తే లివర్‌పూల్ మొత్తం ఐదు వెయ్యాలి. ఒక్క గోల్. ప్రతి అటాక్‌కి నాలుగో గడిలో ఆ "ఐదు" కనపడుతూ ఉండాలి, అప్పుడు అలిసన్ చేసిన ఒక్కో సేవ్ విలువ తెలుస్తుంది.

హాఫ్ టైమ్‌లో రాబర్ట్‌సన్ గాయంతో ఆగిపోతే వైనాల్డమ్ దిగాడు. 54, 56లో వాడివే గోల్స్. రెండు నిమిషాల్లో రెండు, 3-0, అగ్రిగేట్ 3-3. అవే గోల్స్ ఎవరికీ లేవు, అంటే ఇలాగే ఉంటే ఎక్స్‌ట్రా టైమ్. బార్సిలోనా వాళ్ళ మొహాలు ఇక్కడ చూడండి, గెంటేసినట్టు నిలబడ్డారు. 79లో కార్నర్. బాల్ బాయ్ బంతి వెంటనే ఇచ్చేశాడు, అలెగ్జాండర్-ఆర్నాల్డ్ పెట్టేసి రెండడుగులు పక్కకి నడిచాడు షకీరీకి వదిలేస్తున్నట్టు, అంతలో తిరిగి టక్కున కొట్టాడు, ఓరిగి ఒక్కడే చూస్తున్నాడు, మిగతా డిఫెన్స్ అంతా అటు తిరిగి మాట్లాడుకుంటోంది. 4-0. దీన్ని ముందు మామూలు స్పీడ్‌లో చూడండి, మీరు కూడా మిస్ అవుతారు, తర్వాత వెనక్కి తిప్పి ఒక్కో బార్సిలోనా ప్లేయర్ ఎటు చూస్తున్నాడో చూడండి.

ఇప్పుడు చెప్పండి, బార్సిలోనా బాగా ఆడలేదంతేనా. మా తమ్ముడు ఈసారి ఏం అనలేదు, కాసేపు ఊరుకుని ఇంకోసారి ఆ కార్నర్ పెట్టమన్నాడు.

ఆ మర్నాడు రాత్రే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకో సెమీస్, అయాక్స్, టాటెన్‌హామ్. కుదిరితే ఈ రెండూ వరసగా రెండు రాత్రులు చూడండి, ఒకే రోజు పెట్టుకోవద్దు, మొదటిది ఒంట్లో ఇంకనివ్వాలి. లండన్‌లో ఫస్ట్ లెగ్ అయాక్స్ 1-0, వాన్ డి బేక్. కేన్ లేడు, సోన్ ఆ ఒక్క మ్యాచ్ సస్పెండ్. సెకండ్ లెగ్‌లో వార్మప్‌లోనే నెరెస్ ఆడలేనని ఆగిపోయాడు, అయినా 5వ నిమిషం డి లిఖ్ట్ హెడర్, 35లో జియెక్. హాఫ్ టైమ్‌కి అగ్రిగేట్ 3-0. టాటెన్‌హామ్‌కి 45 నిమిషాల్లో మూడు కావాలి, మూడొస్తే 3-3, అవే గోల్స్ మూడుకి ఒకటి.

హాఫ్ టైమ్‌లో పొడుగాటి ల్యోరెంతే దిగాడు, అక్కణ్ణుంచి బంతులన్నీ గాల్లో వాడి తల మీదకే. 55, 59, రెండూ లూకాస్ మౌరా. రెండోదాన్లో పెనాల్టీ బాక్స్‌లో అంతమంది కాళ్ళ మధ్య బంతిని తిప్పుకుంటూ తిప్పుకుంటూ సందు చూసి కొట్టాడు. ఇంక ఒక్కటి. ఒక్కటి కోసం ముప్పై ఏడు నిమిషాలు. జియెక్ షాట్ పోస్ట్‌కి తగిలింది, అది పడుంటే అక్కడితో అయిపోయేది. ఇటు వెర్టోంగెన్ హెడర్ బార్‌కి తగిలింది. 90 అయ్యాక ఆట ఆగిన టైమ్ కింద ఐదు నిమిషాలు కలిపారు, ఆ ఐదూ అయిపోతున్నాయి, వెనక నుంచి పొడుగు బంతి, ల్యోరెంతే, అలీ, మౌరా, ఎడమ కాలు, లోపలికి. అయాక్స్ వాళ్ళు నేలమీద. పోచెట్టినో గ్రౌండ్‌లో మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు.

గోల్ అయ్యాక వీడియో ఆపెయ్యకండి, ఇంకో ఐదు నిమిషాలు నడవనివ్వండి. అయాక్స్ కుర్రాళ్ళు ఆ జెర్సీలో కలిసి ఇంత దూరం రావటం అదే ఆఖరు, డి యాంగ్ అప్పటికే బార్సిలోనాకి అమ్ముడైపోయాడు, డి లిఖ్ట్ ఆ ఎండాకాలమే యువెంటస్‌కి వెళ్ళాడు. నాకు టాటెన్‌హామ్ గెలిచిన సంతోషం కన్నా వాళ్ళు అలా పడున్న దృశ్యమే ఎక్కువ గుర్తుంది, ఇప్పటికీ చూస్తే గొంతు పట్టేస్తుంది.

ఫైనల్

జూన్ 1, మాడ్రిడ్, మెట్రోపొలిటానో స్టేడియం, లివర్‌పూల్, టాటెన్‌హామ్. ఇది ఒకటే మ్యాచ్, ఎవరి సొంతదీ కాని గ్రౌండ్, అవే గోల్స్ లేవు, కాబట్టి నాలుగో గడి అక్కర్లేదు. నిజం చెప్తున్నా, మ్యాచ్ గొప్పగా ఉండదు. లీగ్ అయిపోయి మూడు వారాలు ఖాళీ, రెండు టీమ్‌లూ బిగుసుకుపోయి ఆడాయి. రిఫరీ మళ్ళీ స్కోమినా. అరనిమిషం కూడా కాకముందే మానే వేసిన బంతి సిస్సోకో చేతికి తగిలింది, పెనాల్టీ, సలా కొట్టాడు. సలా అంతకుముందు ఏడాది కీవ్ ఫైనల్‌లో భుజం గాయంతో ఏడుస్తూ బయటికెళ్ళినవాడు, ఆ సీన్ ముందు ఒకసారి చూసి ఈ పెనాల్టీ చూడండి. టాటెన్‌హామ్ గాయం నుంచి తిరిగొచ్చిన కేన్‌ని దింపి, ఆమ్‌స్టర్‌డామ్‌లో మూడు కొట్టిన మౌరాని బెంచ్ మీద కూర్చోబెట్టింది, అది సరైనదా కాదా అని మేం ఇప్పటికీ ఇంట్లో వాదించుకుంటాం. నేనైతే మౌరానే దింపేవాణ్ణి.

మొదటి పది నిమిషాలు చూసి, 65 నుంచి చివరిదాకా చూడండి, టాటెన్‌హామ్ మీదపడి కొడుతుంటే అలిసన్ ఆపుతూ ఉంటాడు, 87లో ఓరిగి రెండోది వేస్తాడు, లివర్‌పూల్‌కి ఆరో కప్పు. మా తమ్ముడి నోట్‌బుక్‌లో ఆమ్‌స్టర్‌డామ్ పేజీ కొట్టివేతలతో అంచుల దాకా నిండిపోయింది, ఫైనల్ పేజీలో రెండే లైన్లు ఉన్నాయి, 2, 87, కింద పెద్ద అక్షరాలతో "మౌరా ఎక్కడ?" అని రాసుకున్నాడు.